చెట్టు కొండమీద ఎందాకా ఎక్కింది? లేజర్ చెప్పే లెక్క

కొండ పైకి పోయేకొద్దీ చెట్లు పొట్టివవుతాయి, పలచబడతాయి, చివరికి ఒక ఎత్తు దగ్గర ఆగిపోతాయి. ఆపైన గడ్డి, పొదలు, రాయి మాత్రమే మిగులుతాయి. ఈ చోటును చెట్ల హద్దు లేదా వృక్షరేఖ అంటారు. నిజానికి అది వెడల్పాటి పట్టీ. కింద దట్టమైన అడవి ముగిసే అంచు ఉంటుంది. దాని పైన విడివిడిగా నిలిచిన చివరి చెట్లు, ఇంకా పైన మోకాలి ఎత్తుకు కూడా రాని మొలకలు ఉంటాయి. ఏది చెట్టు, ఏది మొక్క అన్న పేచీ రాకుండా మూడు మీటర్లు దాటినదాన్ని చెట్టుగా లెక్కించడం ఈ రంగంలో చాలామంది పాటించే పద్ధతి.

ఎత్తైన పర్వతాల మీద ఈ హద్దును నిర్ణయించేది చలి. స్విట్జర్లాండ్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు క్రిస్టియన్ కోర్నర్, యెన్స్ పాల్సెన్ ప్రపంచంలోని అనేక పర్వతాల ఉష్ణోగ్రతలను పరిశీలించి 2004లోనూ, 2014లోనూ ఫలితాలు ప్రచురించారు. మొక్కలు పెరిగే కాలంలో సగటు ఉష్ణోగ్రత సుమారు 6.4 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గిన చోట చెట్టు నిలదొక్కుకోలేదని 2014 నాటి లెక్క తేల్చింది. ఉత్తరాఖండ్‌లోని తుంగనాథ్ దగ్గర ఈ హద్దు దాదాపు 3,300 మీటర్ల ఎత్తులో ఉంటుంది. టిబెట్‌లో జునిపెర్ చెట్లు 4,900 మీటర్ల దాకా ఎక్కాయి.

భూమి వేడెక్కితే ఈ హద్దు పైకి జరగాలి. కానీ అన్ని చోట్లా అలా జరగడం లేదు. ప్రపంచవ్యాప్తంగా 166 చోట్ల జరిగిన పరిశీలనలను క్రోడీకరించి 2009లో వెలువడిన ఒక సమీక్షలో 52 శాతం చోట్ల హద్దు ముందుకు జరిగింది, ఒక్క శాతం చోట్ల వెనక్కి తగ్గింది, మిగిలినవి ఉన్నచోటే ఉన్నాయి. వేడితోపాటు మేత, మంట, మట్టి, తేమ కూడా చెట్టు గతిని నిర్ణయిస్తాయని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఏ కొండమీద ఏది బలంగా పనిచేస్తోందో తెలియాలంటే ముందు హద్దు ఎక్కడుందో కచ్చితంగా కొలవాలి. కొన్నేళ్ల తరవాత మళ్లీ కొలవాలి. విమానం నుంచి చేసే లేజర్ స్కానింగ్ ఈ పనికే ఉపయోగపడుతోంది.

పెనుకొండ సీమలో హద్దు గీసేది నీరు

అయితే శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల (పెనుకొండ సీమ) కొండలకు ఇలాంటి చలి హద్దు లేదు, ఉండే వీలూ లేదు. కిలోమీటరు ఎత్తుకు గాలి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది. ఇక్కడి మైదానంలో ఏడాది సగటు ఉష్ణోగ్రత 27 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అది 6.4 డిగ్రీలకు దిగాలంటే మైదానం నుంచి మరో మూడు కిలోమీటర్లకు పైగా ఎక్కాలి. ఆంధ్రప్రదేశ్‌లోకెల్లా ఎత్తైన తూర్పు కనుమల శిఖరాలే 1,700 మీటర్లు దాటవు. హిందూపురం పట్టణం సుమారు 620 మీటర్ల ఎత్తున, ధర్మవరం సుమారు 350 మీటర్ల ఎత్తున ఉన్నాయి. వాటి మధ్య కొండలు వెయ్యి మీటర్ల దరిదాపుల్లోనే ఆగుతాయి. చలి, మంచు వల్ల అడవీ గడ్డిమైదానమూ విడిపోయే దృశ్యం చూడాలంటే దక్షిణాన నీలగిరుల దాకా పోవాలి. అక్కడి షోలా అడవులు లోయల్లో ఒదిగి ఉంటే, పైవాలుల్లో గడ్డి పరుచుకుని ఉంటుంది.

అయినా పెనుకొండ సీమ కొండలకూ చెట్ల హద్దులున్నాయి. వాటిని గీసేవి నీరు, మట్టి. పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో పడిన ఈ నేలకు ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కొండలన్నీ గ్రానైటు, నైస్ రాళ్లు. పరుపుబండ మీద మట్టి నిలవదు కాబట్టి చెట్టు లేవదు. గుండ్ల సందుల్లో, వంకల వెంట మట్టి పేరుకున్న చోట నారయేపి, చిరుమాను, తుమ్మ వంటివి వేళ్లూనుతాయి. అందుకే ఇక్కడి హద్దు ఒకే ఎత్తులో సాగదు. వంక వెంట పైదాకా ఎక్కుతుంది, పక్కనే ఉన్న బండ దగ్గర కిందికి జారుతుంది. పడమటి అమెరికాలోని పొడి పర్వతాల్లో నీటి కరువు వల్ల అడవికి కిందివైపు కూడా హద్దు ఏర్పడుతుంది. పెనుకొండ సీమలోని హద్దుకు ఆ జాతి హద్దులతోనే చుట్టరికం ఎక్కువ.

వాలు ఏ దిక్కు చూస్తోందన్నది కూడా ముఖ్యమే. వానలు వెళ్లిపోయిన చలికాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు. దక్షిణం వాలు మీద ఎండ సూటిగా పడి తేమ త్వరగా ఆరిపోతుంది. ఉత్తరం వాలు కొంత ఎక్కువకాలం పచ్చగా ఉంటుంది. వీటికి తోడు మనిషి చేసేవి ఉన్నాయి. గొర్రెలు, మేకల మేత, వంటచెరకు, ఎండాకాలపు మంటలు చెట్టును కిందికి నెడుతూనే ఉంటాయి. మేక కొరికిన ప్రతిసారీ మొక్క కింది నుంచి మళ్లీ చిగురిస్తుంది. అలా పదేళ్లు గడిచినా మీటరు ఎత్తు దాటని మొక్కలుంటాయి. పొట్టి మొక్క అంటే లేత మొక్కే అనుకోవడానికి లేదు.

పచ్చదనం వేరు, ఎత్తు వేరు

అడవులను గమనించడానికి దేశంలో దశాబ్దాలుగా వాడుతున్నది ఉపగ్రహ చిత్రం. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 1987 నుంచి రెండేళ్లకోసారి దేశ అడవుల స్థితిపై నివేదిక ఇస్తోంది. ఒక హెక్టారు లేదా అంతకు మించిన విస్తీర్ణంలో నేలను చెట్ల తలలు కనీసం 10 శాతం కప్పితే ఆ నివేదిక దాన్ని అటవీ ఆచ్ఛాదనగా లెక్కిస్తుంది. అందుకు వాడే చిత్రాల్లో ఒక్కో చుక్క నేల మీద 23.5 మీటర్ల చదరానికి సమానం. దేశం మొత్తం లెక్కకు అది సరిపోతుంది. పెనుకొండ కొండల్లో గుండ్ల మధ్య పది అడుగుల ఎడంలో నిలిచిన రెండు చెట్లు మాత్రం ఆ చుక్కలో కలిసిపోతాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు ఉపగ్రహ చిత్రం పచ్చదనాన్ని చూపుతుంది, ఎత్తును చూపదు. సెప్టెంబరు, అక్టోబరు వానల తరవాత బోద గడ్డి ఏపుగా లేచినప్పుడు కొండంతా పచ్చగా కనిపిస్తుంది. అందులో చెట్ల పచ్చదనం ఎంత, గడ్డి పచ్చదనం ఎంత అన్నది విడదీయడం కష్టం. వేసవిలో ఆకు రాల్చే చెట్లు మోడుల్లా నిలబడినప్పుడు అదే కొండ బోడిగా కనిపిస్తుంది. ఒక మంచి వానాకాలం అడవి పెరిగిందన్న భ్రమ కలిగిస్తే, ఒక కరువు ఏడు అడవి పోయిందన్న భ్రమ కలిగిస్తుంది. చెట్టు ఎత్తు ఒక వానకు పెరగదు, ఒక కరువుకు తరగదు. అందుకే ఎత్తును నేరుగా కొలిచే సాధనానికి ఇక్కడ విలువ.

లేజర్ పనిచేసే తీరు

విమానం అడుగున అమర్చిన పరికరం సెకనుకు లక్షల లేజర్ మెరుపులను నేల మీదికి పంపుతుంది. వీటిలో ఎక్కువగా వాడేది కంటికి కనిపించని 1,064 నానోమీటర్ల పరారుణ కాంతి. మెరుపు దేనికో తగిలి వెనక్కి వస్తుంది. పోయిరావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరం తెలుస్తుంది. కాంతి సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి బయలుదేరిన మెరుపు తిరిగి రావడానికి పట్టేది సుమారు 6.7 మైక్రోసెకన్లు. గడియారం ఒక్క నానోసెకను తప్పితే దూరం 15 సెంటీమీటర్లు తప్పుతుంది.

దూరం ఒక్కటే తెలిస్తే చాలదు. మెరుపు పంపిన క్షణాన విమానం ఎక్కడుంది, ఎటు ఒరిగింది అన్నదీ తెలియాలి. మొదటిదాన్ని ఉపగ్రహ స్థాన నిర్ణయ పరికరం, రెండోదాన్ని విమానంలోని కదలికల సూచిక చెబుతాయి. ఈ మూడింటినీ కలిపితే మెరుపు తగిలిన చోటు అక్షాంశం, రేఖాంశం, ఎత్తు దొరుకుతాయి. అలాంటి కోట్ల బిందువుల సముదాయమే లేజర్ సర్వే ఇచ్చే ముడిసరుకు. చదరపు మీటరుకు ఎనిమిది బిందువుల చొప్పున కొలిస్తే ఒక చదరపు కిలోమీటరుకు 80 లక్షల బిందువులవుతాయి.

చెట్టు కింద నిలబడి పైకి చూస్తే ఆకుల సందుల్లో ఆకాశం కనబడినట్టే, పైనుంచి దిగే లేజర్‌కూ ఆ సందులు దొరుకుతాయి. ఒక మెరుపులో కొంత భాగం చిటారు కొమ్మకు తగిలి ముందుగా తిరిగి వస్తుంది, కొంత నడిమి కొమ్మలకు, మిగిలినది నేలకు తగిలి ఆలస్యంగా వస్తుంది. పరికరం ఈ ప్రతిధ్వనులన్నింటినీ విడివిడిగా నమోదు చేస్తుంది. కంప్యూటరు వాటిలో నేలకు తగిలినవాటిని ఏరి చెట్లు లేని ఉత్త నేల పటం తయారుచేస్తుంది. పైపైన తగిలినవాటితో చెట్ల తలల పటం వస్తుంది. రెండో పటం నుంచి మొదటిదాన్ని తీసేస్తే ప్రతిచోటా చెట్టు ఎత్తు మిగులుతుంది. ఆ ఎత్తు మూడు మీటర్లు దాటిన చోట్ల పై అంచును గీస్తే చెట్ల హద్దు వస్తుంది.

నార్వేలో తేలిన సంగతి

ఈ పద్ధతితో చెట్ల హద్దును కనిపెట్టి చూడవచ్చా అన్న ప్రశ్నను నార్వే శాస్త్రవేత్త ఎరిక్ నెసెట్, అమెరికాకు చెందిన రాస్ నెల్సన్ 2007లో ప్రచురించిన పరిశోధనలో పరీక్షించారు. నార్వేలో అడవి ముగిసి బోడికొండ మొదలయ్యే చోట వారు చిన్నాపెద్దా చెట్లను నేలమీద ఒక్కొక్కటిగా కొలిచి, అదే చోట విమానంతో లేజర్ స్కాన్ చేయించారు. చదరపు మీటరుకు ఏడెనిమిది బిందువులు దొరికాయి. మీటరు కంటే ఎత్తైన చెట్లలో 91 శాతానికి పైగా లేజర్‌కు చిక్కాయి. అంతకంటే పొట్టివాటి విషయంలో ఫలితం బాగా తగ్గింది. పొట్టి మొక్కకూ రాతికీ గడ్డిదుబ్బుకూ తేడా తెలియకపోవడం అందుకు ముఖ్య కారణం. స్విట్జర్లాండ్‌లో 1914లో ఏర్పడిన జాతీయ వనంలోనూ లేజర్ కొలతలతో చెట్ల హద్దు గీసి, 2013లో ఫలితాలు వెల్లడించారు.

హద్దు దగ్గర చెట్లు నెమ్మదిగా పెరుగుతాయి. ఏడాదికి అయిదు సెంటీమీటర్లు పెరిగే మొక్కను ఇరవై సెంటీమీటర్ల అటూఇటూ తేడా ఉండే కొలతతో రెండేళ్లకోసారి కొలిస్తే పెరిగిందో లేదో తేలదు. పదేళ్ల ఎడంలో పెరుగుదల అరమీటరవుతుంది కాబట్టి అప్పుడు కొలతకు అందుతుంది. చెట్ల హద్దు లెక్క ఏళ్ల తరబడి సాగాల్సిన పని.

నిటారు వాలు మరో సమస్య తెచ్చిపెడుతుంది. 30 డిగ్రీల వాలు మీద చెట్టు తల మొదలు కంటే ఒక మీటరు కిందివైపుకు ఒరిగి ఉందనుకుంటే, కంప్యూటరు ఆ తల కింద ఉన్న నేల నుంచి ఎత్తు లెక్కిస్తుంది. అక్కడి నేల మొదలు దగ్గరి నేల కంటే 58 సెంటీమీటర్లు కిందికి ఉంటుంది. చెట్టు అంతమేర పొడుగైనట్టు లెక్క వస్తుంది. వాలు 45 డిగ్రీలైతే తప్పు పూర్తిగా ఒక మీటరు. మూడు మీటర్ల దగ్గర గీత గీసే పనిలో ఇది చిన్న తేడా కాదు.

గుండ్లు, మర్రి, గాలిమరలు

పెనుకొండ సీమలో ఈ పద్ధతికి ఎదురయ్యే మొదటి అడ్డంకి గుండ్లు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా కొండల నెత్తిన, వాలుల్లో మనిషికి రెండింతలు, మూడింతలు ఎత్తున్న రాతిగుండ్లు గుట్టలుగా పడి ఉంటాయి. నేలకంటే నాలుగు మీటర్లు ఎత్తుగా లేచి, గుండ్రంగా, చెట్టు తలంత వెడల్పుతో ఉన్న గుండును కంప్యూటరు సులువుగా చెట్టుగా పొరబడుతుంది. రెండింటినీ విడదీయడానికి దారులున్నాయి. గుండుకు తగిలిన మెరుపు ఒక్కసారే తిరిగి వస్తుంది, చెట్టు నుంచి రెండు మూడు ప్రతిధ్వనులు వస్తాయి. గుండు ఉపరితలం నున్నగా, బిందువులన్నీ ఒకే తలంలో ఉంటాయి. అన్నింటికీ మించి, పదేళ్ల తరవాత మళ్లీ కొలిచినా గుండు ఎత్తు మారదు. మారని ఆ గుండ్లు రెండు సర్వేలను ఒకదానితో ఒకటి సరిపోల్చి, కొలతల్లో తేడా వస్తే పట్టుకునేందుకు గుర్తురాళ్లుగా పనికొస్తాయి.

రెండోది చెట్లను లెక్కపెట్టడం. లేజర్ పటంలో ఎత్తైన ప్రతి శిఖరాన్నీ ఒక చెట్టుగా గుర్తించే పద్ధతి దేవదారు వంటి సూదిమొన చెట్లకు బాగా నప్పుతుంది. గొడుగులా విచ్చుకునే తుమ్మకు అంతగా నప్పదు. ఇదే జిల్లాలో కదిరి దగ్గరున్న తిమ్మమ్మ మర్రిమాను ఒక్కటే దాదాపు అయిదెకరాల మేర విస్తరించి 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఊడలతో విడివిడి తలలుగా లేచిన అలాంటి మానును ఈ పద్ధతి ఎన్నో చెట్లుగా లెక్కించే ప్రమాదముంది.

మూడోది జాతి. లేజర్ ఎత్తు చెబుతుంది, పేరు చెప్పదు. చెరువుల్లోనూ బీళ్లలోనూ అల్లుకుపోయిన సర్కారు తుమ్మ మూడు మీటర్లు దాటినా, నారయేపి మూడు మీటర్లు దాటినా దానికి ఒకటే. మొదటిది పెరగడం బెడద, రెండోది పెరగడం అడవి కోలుకుంటోందనడానికి గుర్తు. ఈ తేడా తెలియాలంటే వందల రంగుల్లో నేలను చూసే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా కావాలి, లేదా నేలమీద నడిచి చూడాలి. ఇస్రో, నాసా కలిసి 2015-16లో అవిరిస్-ఎన్‌జీ అనే అలాంటి కెమెరాను ఇస్రో విమానంలో పెట్టి దేశంలోని పలు అడవుల మీదుగా నడిపాయి.

ఇక రామగిరి, నల్లకొండ పరిసరాల్లో కొండశిరస్సుల మీద గాలిమరలు నిలిచాయి. విమానం వాటికి బాగా ఎత్తున ఎగరాలి, తిరిగే రెక్కలకు తగిలి వచ్చిన బిందువులను లెక్కలోంచి తీసేయాలి. వాటి కోసం కొండలు తొలిచి వేసిన దారులను, వాటి పక్కన కోతపడిన మట్టిని మాత్రం ఉత్త నేల పటం స్పష్టంగా చూపిస్తుంది. దాంట్లోనే వంకల లోతు, చెక్‌డ్యాములు, పెనుకొండ కోట వంటి చోట్ల పొదల్లో మునిగిన పాత గోడలు కూడా కనబడతాయి. గ్వాటెమాలా అడవుల్లో 2018లో ఈ పద్ధతితోనే అరవై వేలకు పైగా మాయా కట్టడాలు బయటపడ్డాయి.

కల్పవల్లి కొండలు

ఈ కొలత అవసరం బాగా కనిపించే చోటు పెనుకొండ, ధర్మవరం మధ్యనే ఉంది. 1990లో చెన్నేకొత్తపల్లి దగ్గర మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ, ముష్టికోవెల, పరిసర గ్రామాల వారితో కలిసి 1992 ప్రాంతంలో బోడికొండలను కాపాడే పని చేపట్టింది. కల్పవల్లి అని పేరు పెట్టుకున్న ఆ నేల దాదాపు 9,000 ఎకరాలు. అక్కడ ఎక్కువగా చేసింది కాపలా. నరుకుడు ఆపారు, మంట పాకకుండా గడ్డి తీసి బాటలు వేశారు, మొదళ్ల నుంచి చిగుళ్లు వాటంతటవే లేచే అవకాశమిచ్చారు. వంకల్లో ఈత పెరిగింది, వాలుల్లో బోద గడ్డి తిరిగి వచ్చింది.

ఇలాంటి చోట ఎంత ఎత్తు దాకా చెట్లు తిరిగి ఎక్కాయి, ఏ వాలు కోలుకుంది, ఏది ఆగిపోయింది అన్న ప్రశ్నలకు పచ్చదనం లెక్కలు సమాధానం ఇవ్వలేవు. తొమ్మిది వేల ఎకరాలంటే 36 చదరపు కిలోమీటర్లు. ఒక్కో చదరపు మీటరుకు ఎనిమిది బిందువుల లెక్కన 29 కోట్ల బిందువులతో ఆ నేలంతా కొలతకొస్తుంది. అయితే ఇక్కడ చెట్లు పెరగడమొక్కటే మేలు అనుకోకూడదు. జింకలు, తోడేళ్లు, గొర్రెల మందలు బతికేది గడ్డినేలల్లో. ఏ భాగం గడ్డిగా మిగిలిందో, ఏ భాగం పొదగా, చెట్టుగా మారిందో విడివిడిగా చూపగలగడమే లేజర్ పటం వల్ల కలిగే అసలు ప్రయోజనం.

దేశంలో ఉన్న ఏర్పాట్లు

ఇలాంటి సర్వేకు కావలసిన సామర్థ్యం దూరాన ఏమీ లేదు. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సొంత విమానాలతో వైమానిక సర్వేలు, లేజర్ కొలతలు చేస్తుంది. కేంద్ర పర్యావరణ శాఖ 2020లో వాప్కోస్ సంస్థకు 26 రాష్ట్రాల్లో సుమారు 2.62 లక్షల హెక్టార్ల అటవీ భూమిని లేజర్‌తో సర్వే చేసే పని అప్పగించింది. అడవుల్లో నీరు నిలిపి, మేత పెంచే పనులకు చోట్లు గుర్తించడం దాని ఉద్దేశం. 2021 జూన్‌లో మొదటి విడతగా పది రాష్ట్రాల నివేదికలు విడుదలయ్యాయి. ఆ పదింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు.

చిన్న విస్తీర్ణానికి విమానం కంటే డ్రోన్ చవక. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకుపచ్చ మండలంలో నేల నుంచి 120 మీటర్ల ఎత్తు దాకా ముందస్తు అనుమతి లేకుండా ఎగరవేయవచ్చు. కొండలున్న చోట డ్రోన్ వాలును అనుసరించి ఎక్కుతూ దిగుతూ పోవాలి. అప్పుడే బిందువుల సాంద్రత అన్నిచోట్లా సమంగా ఉంటుంది.

అంతరిక్షం నుంచి కూడా లేజర్ కొలతలున్నాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అమర్చిన నాసా పరికరం జెడీ 2019 నుంచి అడవుల ఎత్తు కొలుస్తోంది. మధ్యలో ఏడాది పాటు ఆగి, 2024లో మళ్లీ మొదలైంది. ఆ సమాచారం ఉచితం, పెనుకొండ అక్షాంశం దాని పరిధిలోనే ఉంది. అయితే దాని ఒక్కో మెరుపు నేలమీద 25 మీటర్ల వెడల్పున పడుతుంది. నిటారు వాలు మీద అంత వెడల్పులో నేలే పది పదిహేను మీటర్లు ఎత్తు మారుతుంది, నాలుగు మీటర్ల చెట్టు అందులో మునిగిపోతుంది. మొత్తం ప్రాంతపు ధోరణి తెలుసుకోవడానికి అది చాలు, ఒక కొండ హద్దు గీయడానికి చాలదు.

సర్వే ఎప్పుడు, ఎలా

ఆకు రాల్చే అడవిలో సర్వే కాలం ముఖ్యం. ఫిబ్రవరి, మార్చిలో ఆకులు రాలి ఉంటాయి కాబట్టి ఎక్కువ మెరుపులు నేలదాకా దిగుతాయి, ఉత్త నేల పటం బాగా వస్తుంది. ఆకు నిండుగా ఉన్నప్పుడు చెట్టు తల ఆకారం బాగా తెలుస్తుంది గానీ అవి మబ్బుల రోజులు. ఏ కాలం ఎంచుకున్నా రెండో సర్వే కూడా అదే నెలలో, అంతే బిందు సాంద్రతతో చేయాలి. లేకపోతే ఆకుల తేడాను పెరుగుదలగా పొరబడవచ్చు.

విమానం దిగాక నేలమీద పని మొదలవుతుంది. వంకలో, వాలు మధ్యలో, కొండశిరస్సున కొన్ని చదరాలు ఎంచుకుని, వాటిలోని చెట్లను కర్రతో కొలిచి, పేర్లు రాసి, లేజర్ లెక్కతో సరిచూడాలి. మీటరు లోపు మొలకలను మనిషే లెక్కపెట్టాలి. వాటిపై మేక కాటు ఉందా, మంట మచ్చ ఉందా అన్నది చూసి రాసుకోవాలి. ఆ కొండల్లో మందలు తిప్పే కాపరులకు ఏ ఏడు ఎక్కడ మంట లేచిందో, ఏ వంక ఎప్పుడు ఎండిందో తెలుసు. హద్దు ఎంత జరిగిందో లేజర్ చెబుతుంది. ఎందుకు జరిగిందో ఈ నమోదుల వల్లే తెలుస్తుంది. రెండూ కలిస్తే ఏ వాలుకు కాపలా చాలు, ఎక్కడ మట్టి నిలిపే కట్ట కావాలి, ఎక్కడ గడ్డిని గడ్డిగానే వదలాలి అన్న నిర్ణయాలకు కొలతల ఆధారం దొరుకుతుంది.